తుఫాను పటం చదవడం ఎలా? గంజాం తీరంలో ఉన్న మనకు అక్కరకొచ్చే ఆన్‌లైన్ పటాలు

దసరా దగ్గర పడుతోందంటే బరంపురం, గోపాల్‌పూర్ పక్క మన తెలుగు ఇళ్లలో పండగ మాటలతో పాటు ఇంకో మాట కూడా మొదలవుతుంది: "సముద్రంలో ఏమైనా ఉందా?" ఆ భయం ఊరికే వచ్చింది కాదు. 1999 అక్టోబరు 17న ఒక తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. దాని దెబ్బ నుంచి తేరుకోకముందే అదే నెల 29న పారాదీప్ పక్క పెను తుఫాను వచ్చి సుమారు పదివేల మందిని తీసుకుపోయింది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ నేరుగా మన గోపాల్‌పూర్ మీదికే వచ్చింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. అన్నీ అక్టోబరే. (2019లో పూరీ దగ్గర ఒడ్డెక్కిన ఫొని మాత్రం మే నెలలో వచ్చింది, కాబట్టి వేసవిలో కూడా నిశ్చింతగా ఉండడానికి లేదు.)

ఈ వ్యాసం పెద్దవాళ్ల కోసం, పిల్లల కోసం కలిపి రాస్తున్నాను. కారణం చెబుతాను. సముద్రం ఒడ్డు పేటల నుంచి మన బడికి వచ్చే పిల్లల ఇళ్లలో తాతలకు, మామ్మలకు తెలుగు తప్ప వేరే భాష చదవడం రాదు. ప్రభుత్వ హెచ్చరికలు ఒడియాలో, హిందీలో, ఇంగ్లీషులో వస్తాయి. ఇంట్లో ఫోను చేత్తో పట్టుకుని "ఇదిగో ఇలా ఉంది" అని చెప్పేది ఎనిమిదో తరగతి పిల్ల. అంటే పడవ పైకి లాగాలా వద్దా, ముసలామెను ఈ రాత్రే షెల్టరుకు తీసుకెళ్లాలా రేపు పొద్దున్న చాలా అన్నది ఆ పిల్ల ఎలా చదివితే అలా తేలుతుంది. భూగోళంలో పటం గీసి పది మార్కులు తెచ్చుకోవడం వేరు, ఇది వేరు.

నేను చేసిన ఒక తప్పు కూడా చెప్పాలి. కొన్నేళ్ల క్రితం ఒక తుఫాను సమయంలో ఎవరో పంపిన పటం బొమ్మను నేను తల్లిదండ్రుల గ్రూపులో పెట్టాను. అందులో గీత మనకు బాగా దక్షిణంగా శ్రీకాకుళం తీరం మీదికి పోతోంది. ఆ బొమ్మ రెండు రోజుల కిందటిది. దాని మూలన చిన్న అక్షరాల్లో తేదీ ఉంది, నేను చూడలేదు. అప్పటికే కొత్త బులెటిన్‌లో గీత మన పక్కకు జరిగింది. ఒక పేటలో "మాస్టారు పంపారు, మనకేం కాదు" అని వలలు ఒడ్డునే వదిలేశారు. ప్రాణాలకు ఏమీ కాలేదు గాని వలలు పోయాయి. ఒక వల ఖరీదు ఎంతో, అది కుట్టడానికి ఎన్నాళ్లు పడుతుందో ఆ ఇంటికి వెళ్లినప్పుడు ఆ పిల్లవాడి నాన్నగారు కోపం లేకుండానే చెప్పారు. కోప్పడి ఉంటే బాగుండేది అనిపించింది. అప్పటి నుంచి ఏ పటం చూసినా నా కళ్లు ముందు తేదీ, గంట మీదికే పోతాయి.

మొదట తేదీ, తర్వాత గంట

పటం తెరవగానే చూడాల్సింది గీత కాదు, అది ఎప్పటిది అన్న సంగతి. ఇక్కడ ఇంకో చిక్కుంది. చాలా వాతావరణ పటాల మీద సమయం యుటిసి అని ఉంటుంది. అది మన గడియారం కాదు. దానికి ఐదున్నర గంటలు కలిపితే మన సమయం వస్తుంది. 03 యుటిసి అంటే మనకు పొద్దున్న 8:30. 12 యుటిసి అంటే సాయంత్రం 5:30. "12 గంటలకు తీరం దాటుతుందట" అని మధ్యాహ్నం నుంచి కిటికీలు మూసుకుని కూర్చుని, మూడింటికి ఏమీ రాలేదని బయటకు వచ్చి బజారుకు పోయినవాళ్లు నాకు తెలుసు.

పటం ఎక్కడిది అన్నది రెండో ప్రశ్న. మన దేశంలో తుఫాను గురించి అధికారికంగా చెప్పేది భారత వాతావరణ శాఖ ఒక్కటే. దాని మౌసమ్ వెబ్‌సైటులో తుఫాను మార్గం పటం, బులెటిన్, రాడార్ బొమ్మలు, జిల్లావారీ రంగుల పటం అన్నీ ఉచితంగా ఉంటాయి. గోపాల్‌పూర్‌లో డాప్లర్ రాడార్ ఉంది, విశాఖపట్నంలో ఇంకొకటి. తుఫాను ఒడ్డుకు దగ్గరయ్యాక ఈ రెండు రాడార్ల బొమ్మలు చూస్తే వాన మేఘాలు ఎటు తిరుగుతున్నాయో కళ్లకు కడుతుంది.

పిల్లలకు విండీ లాంటి యాప్‌లు ఎక్కువ ఇష్టం. గాలి గీతలు కదులుతూ బొమ్మ అందంగా ఉంటుంది మరి. చూడొద్దని నేను అనను. కాని అందులో కనిపించేది కంప్యూటరు వేసిన అంచనా. పది రోజుల ముందే బంగాళాఖాతంలో ఎర్రటి సుడి చూపిస్తుంది, మర్నాడు తీసేస్తుంది. దాన్ని ఫోటో తీసి "భయంకర తుఫాను వస్తోంది" అని పంపితే అది పుకారే. అంకెల్లో కూడా తేడా వస్తుంది. మన శాఖ మూడు నిమిషాల సగటు గాలిని లెక్కేస్తే, అమెరికా వాళ్లు ఒక నిమిషం సగటును లెక్కేస్తారు. అందుకే ఫైలిన్ గరిష్ఠ వేగం మన లెక్కలో గంటకు 215 కిలోమీటర్లు, వాళ్ల లెక్కలో 260. ఎవరూ అబద్ధం చెప్పలేదు, కొలత వేరు.

మాటల అర్థం

బులెటిన్‌లో వచ్చే ప్రతి పేరు వెనక ఒక గాలి వేగం ఉంది. గంటకు 31 నుంచి 49 కిలోమీటర్లు ఉంటే వాయుగుండం. 50 నుంచి 61 వరకు తీవ్ర వాయుగుండం. 62 దాటితేనే తుఫాను అంటారు, పేరు పెట్టేది కూడా అప్పుడే. 89 దాటితే తీవ్ర తుఫాను, 118 దాటితే అతి తీవ్ర తుఫాను. ఆపైన 166 దగ్గర మరో మెట్టు, 221 దాటితే సూపర్ సైక్లోన్, అంటే మనం అనే పెను తుఫాను. ఇంగ్లీషు బులెటిన్‌లో నాట్‌లు అని ఉంటే 1.85తో హెచ్చించండి, కిలోమీటర్లు వస్తాయి.

ఒడియా టీవీలో, మైకులో వినిపించే మాటలు మన పెద్దవాళ్లకు చెప్పడానికి ఇవి గుర్తుంచుకోండి: లఘుచాప అంటే మన అల్పపీడనం, అబపాత అంటే వాయుగుండం, బాత్యా అంటే తుఫాను, బన్యా అంటే వరద. "అబపాత" వినగానే మా వీధిలో ఒకావిడ పిడుగు పడుతుందేమో అనుకుని టీవీ ప్లగ్గు పీకేశారు. పీకడం మంచిదే అనుకోండి.

రంగుల విషయంలో కూడా జాగ్రత్త. వాతావరణ శాఖ పటంలో పసుపు అంటే గమనిస్తూ ఉండండి, నారింజ అంటే సిద్ధంగా ఉండండి, ఎరుపు అంటే కదలండి. కేంద్ర జల సంఘం వరద పటంలో కూడా ఇవే రంగులు ఉంటాయి కాని అక్కడ లెక్క వేరు. నదిలో నీరు హెచ్చరిక మట్టం దాటితే పసుపు, ప్రమాద మట్టం దాటితే నారింజ, ఇంతవరకు ఎప్పుడూ రానంత ఎత్తుకు చేరితే ఎరుపు. వాన పటంలో నారింజ అంటే "రాబోతోంది". నది పటంలో నారింజ అంటే "వచ్చేసింది".

గీత చుట్టూ ఉన్న గరాటు

తుఫాను మార్గం పటంలో మధ్య ఒక గీత, దాని చుట్టూ ముందుకు పోయేకొద్దీ వెడల్పయ్యే గరాటు లాంటి ఆకారం ఉంటాయి. ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. ఆ గరాటు తుఫాను ఎంత పెద్దదో చూపించదు. తుఫాను నడిబొడ్డు, అంటే కన్ను, ఎక్కడెక్కడికి పోవచ్చో అంతవరకే చూపిస్తుంది. రేపటి సంగతి కాస్త గట్టిగా చెప్పగలరు కాబట్టి అక్కడ సన్నగా, మూడు రోజుల తర్వాతి సంగతి అంత గట్టిగా చెప్పలేరు కాబట్టి అక్కడ వెడల్పుగా ఉంటుంది. గరాటు బయట ఉన్నాం కదా అని నిద్రపోతే, వందల కిలోమీటర్ల వరకు చాచుకున్న గాలీ వానా మన ఇంటికి రావని కాదు. గరాటులోపల ఉన్నవాళ్లు గీతకు దూరంగా ఉన్నాం అనుకోవడం కూడా తప్పే. గీత బులెటిన్ బులెటిన్‌కూ జరుగుతుంది.

దూరం లెక్క కట్టడం తొమ్మిదో తరగతి పిల్లలకు సులువే. గోపాల్‌పూర్ సుమారు 19.3 ఉత్తర అక్షాంశం, 84.9 తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. తుఫాను 16.5 ఉత్తరం, 88.0 తూర్పు దగ్గర ఉందని బులెటిన్ చెప్పిందనుకోండి. అక్షాంశంలో తేడా 2.8 డిగ్రీలు. ఒక్కో డిగ్రీకి 111 కిలోమీటర్లు, కాబట్టి 311. రేఖాంశంలో తేడా 3.1 డిగ్రీలు. మన దగ్గర రేఖాంశం డిగ్రీకి సుమారు 105 కిలోమీటర్లే, కాబట్టి 325. ఇక పైథాగరస్. సుమారు 450 కిలోమీటర్లు వస్తుంది. గంటకు 15 కిలోమీటర్ల చొప్పున మన వైపే వస్తుంటే 30 గంటలు. అయితే ఆ 30 గంటలు కన్ను మన మీదికి రావడానికి. ఈదురుగాలి, వాన అంతకు చాలా ముందే మొదలవుతాయి. ఇంటిపని చేసుకోవడానికి నిజంగా చేతిలో ఉన్నది అందులో సగమే అనుకోండి. ఈ లెక్క నేను తరగతిలో చేయించినప్పుడు "పైథాగరస్ ఎందుకు సార్" అని అడిగే పిల్లలు ఆ రోజు అడగలేదు.

కుడి పక్క, ఎడమ పక్క

ఇది పటంలో రాసి ఉండదు, మనమే చూసుకోవాలి. మన వైపు తుఫాను గాలి గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. సముద్రం నుంచి వాయవ్యంగా వచ్చే తుఫాను వెనక నిలబడి అది పోయే దిక్కుకు చూస్తే, కుడి చేతి పక్క గాలి సముద్రం మీద నుంచి నేల మీదికి కొడుతుంది. నీటిని కూడా తోసుకొస్తుంది, అదే ఉప్పెన. ఎడమ చేతి పక్క గాలి నేల మీద నుంచి సముద్రంలోకి పోతుంది.

దీన్ని గంజాం తీరానికి పెట్టి చూడండి. తుఫాను మనకు దక్షిణంగా శ్రీకాకుళం జిల్లాలో ఒడ్డెక్కితే మనం కుడి పక్కన పడతాం. మనకు ఉత్తరంగా పూరీ దగ్గర ఒడ్డెక్కితే ఎడమ పక్కన ఉంటాం. తిత్లీ పలాస దగ్గర దాటినా మనల్ని అంత కుదిపింది. ఫొని అంతకంటే చాలా బలమైనదే అయినా, పూరీ వైపు జరిగిన విధ్వంసం మన వైపు లేదు. దూరం కూడా కొంత కారణమే, పక్క కూడా కారణమే. కాబట్టి "గీత ఆంధ్రా వైపు పోతోంది, మనకు పర్లేదు" అన్న మాట మన ఒడ్డున చెల్లదు. నేను పైన చెప్పిన వలల కథలో నా రెండో తప్పు అదే. ఆ పాత పటమే నిజమై ఉన్నా వలలు ఒడ్డున ఉంచకూడదు.

ఉప్పెన ఎత్తు, పెద్ద అలల హెచ్చరికలు హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ పటాల్లో వస్తాయి. సునామీ హెచ్చరిక కేంద్రం కూడా అక్కడే ఉంది. ఉప్పెన అంకె చదివేటప్పుడు ఒక మాట గమనించండి. "ఆటుపోట్లకు పైన 2 మీటర్లు" అంటే ఆ సమయానికి ఉన్న నీటిమట్టం మీద ఇంకో రెండు మీటర్లు అని. పోటు మీద ఉన్నప్పుడు తుఫాను దాటితే ఒక రకం, పాటు మీద ఉన్నప్పుడు దాటితే ఇంకో రకం. ఈ సంగతి పేటలో తాతలను అడిగితే మా సైన్సు పుస్తకం కంటే బాగా చెబుతారు. మన గంజాం జిల్లాలోని వెంకటరాయపూర్ 2020లో యునెస్కో వారి "సునామీకి సిద్ధం" గుర్తింపు పొందిన మొదటి రెండు భారతీయ గ్రామాల్లో ఒకటి. దారి చూపే పటాలు, మాక్ డ్రిల్, ఊరి కమిటీ, ఇవన్నీ ఉంటేనే ఆ గుర్తింపు ఇస్తారు.

ఒడ్డుకు దూరంగా ఉన్న ప్రమాదం

తిత్లీ సమయంలో అందరి కళ్లూ సముద్రం మీదే ఉన్నాయి. మనుషులు ఎక్కువ పోయింది ఒడ్డున కాదు, లోపల గజపతి జిల్లా కొండల్లో. బరఘరా అనే ఊరి దగ్గర వానకు తడిసిన కొండచరియ విరిగి, తలదాచుకున్నవారి మీద పడింది. తుఫాను మార్గం పటం మీద ఆ ఊరికి ప్రమాదం అని రాసి లేదు. పర్లాఖెముండి పక్క బంధువులు ఉన్నవారు అటు కూడా ఒక కన్ను వేయండి. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ వారి భూసంకేత్‌లో ఏ కొండవాలుకు జారే గుణం ఎక్కువో పటాలున్నాయి. వాటితో పాటు వాన పటం కూడా చూడాలి. ఒక్క రోజులో 204.5 మిల్లీమీటర్లకు చేరితే అత్యంత భారీ వర్షం అంటారు. కొండ కింద ఇల్లు ఉన్నవాళ్లకు ఆ మాట వినిపిస్తే రాత్రి అక్కడ పడుకోకూడదు.

నదుల సంగతి కూడా ఇలాంటిదే. ఫైలిన్ గాలి ఒక్క రాత్రిలో పోయింది. ఋషికుల్య వరద ఆ తర్వాత వచ్చింది. పైన కొండల్లో పడ్డ వాన కిందికి దిగడానికి సమయం పడుతుంది కదా. కాబట్టి తుఫాను దాటిందని ఫోను పక్కన పెట్టేయకుండా పురుషోత్తంపూర్ దగ్గర నీటిమట్టం ఎంతుందో కేంద్ర జల సంఘం పటంలో చూస్తూ ఉండాలి.

వరద వచ్చాక ఇస్రో వారి భువన్‌లో నీళ్లు నిలిచిన చోట్లు నీలంగా కనిపిస్తాయి. మబ్బుల్లోంచి కూడా చూడగల రాడార్ ఉపగ్రహాలతో తీసిన పటాలు అవి. చాలా ఉపయోగమే గాని, ఉపగ్రహం మన మీదుగా పోయిన ఆ ఒక్క క్షణానికి సంబంధించిన బొమ్మ అది. ఇళ్ల మధ్య సందుల్లో, చెట్ల కింద ఉన్న నీటిని సరిగా పట్టుకోలేదు కూడా. అందులో నీలం లేదని వాగు దాటేయకండి.

పిడుగులకు దామిని యాప్ ఉంది. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ చేసినది. మన చుట్టూ 20, 40 కిలోమీటర్ల లోపల పిడుగులు పడుతుంటే చూపిస్తుంది. పొలం పనికి వెళ్లే వారి ఫోనులో ఇది ఉండాలి. మిగతా హెచ్చరికలన్నిటికీ జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ సచేత్ యాప్, ఒడిశా వారి సతర్క్ యాప్ చాలు.

సముద్రం తినేసిన ఊరు

గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల ఉపగ్రహ చిత్రాలు చూసే వీలుంది. పిల్లలతో ఒక రోజు ఋషికుల్య మొగ పక్కన ఉన్న పొడంపేటను వెతికించాను. ఒక్కో ఏడాది చిత్రం మారుస్తుంటే ఒడ్డు లోపలికి జరుగుతూ, ఇళ్ల వరసలు ఒక్కొక్కటిగా కనిపించకుండా పోయాయి. తరగతిలో ఒక అమ్మాయి లేచి "అది మా అమ్మమ్మ వాళ్ల ఊరు సార్" అంది. తర్వాత తనే వచ్చి మౌసు పట్టుకుని గుడి ఎక్కడుండేదో, బావి ఎక్కడుండేదో చూపించింది. నేను ఆ పీరియడ్‌లో ఇంకేమీ చెప్పలేదు.

అదే గూగుల్ ఎర్త్‌లో వేలు పెట్టిన చోటల్లా నేల ఎత్తు కూడా కనిపిస్తుంది. దాన్ని నమ్మి "మా ఇల్లు పక్కింటి కంటే రెండు మీటర్లు ఎత్తు" అని కూర్చోకండి. ఆ కొలతల్లో కొన్ని మీటర్ల తేడా మామూలే. ఊరికీ ఊరికీ పోలికకు పనికొస్తుంది గాని వీధికీ వీధికీ పనికిరాదు. మీ వీధిలో పోయినసారి నీళ్లు ఏ మెట్టు దాకా వచ్చాయో ఆ మెట్టే మీకు సరైన కొలత.

మన పటం మనమే

పోయిన సంవత్సరం ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు ఒక పేటకు వెళ్లి కాగితం మీద పటం గీశారు. బోర్లు, కరెంటు స్తంభాలు, పక్కా డాబాలు, మంచం మీద ఉన్న ముసలివాళ్ల ఇళ్లు, గర్భిణులు ఉన్న ఇళ్లు, షెల్టరు, దానికి పోయే దారి. ఆన్‌లైన్ పటంలో షెల్టరు గుర్తు అసలు చోటుకు చాలా దూరంగా, ఒక జీడితోటలో ఉంది. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి బయటపడింది. ఫోను చూపించే దగ్గరి దారిలో ఒక చిన్న కల్వర్టు ఉంది. గట్టి వాన పడితే అది మునిగిపోతుందని అక్కడి ఆడవాళ్లు చెప్పారు. ఫోనుకు ఆ సంగతి తెలియదు. పిల్లలు చుట్టుదారిని ఎర్ర రంగుతో గీసి, కల్వర్టు మీద ఇంటూ గుర్తు పెట్టారు.

ఇలాంటివి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఎవరైనా చేర్చవచ్చు. 2010లో హైతీలో భూకంపం వచ్చినప్పుడు ఎక్కడెక్కడి వాళ్లో ఇళ్లలో కూర్చుని ఉపగ్రహ చిత్రాలు చూసి వీధులు గీశారు, సహాయక దళాలు ఆ పటమే వాడాయి. మన పిల్లలు షెల్టరును సరైన చోట పెట్టి, కల్వర్టును కూడా చేర్చారు. మంచం మీద ఉన్నవారి ఇళ్లు మాత్రం ఆన్‌లైన్‌లో పెట్టనివ్వలేదు. అది ఊరి కమిటీ దగ్గర కాగితం మీద ఉంటే చాలు, లోకమంతా చూడాల్సింది కాదు.

ఆఖరిగా కరెంటు సంగతి. ఫైలిన్ తర్వాత బరంపురంలో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి. అప్పుడు ఏ యాప్ పని చేస్తుంది? హెచ్చరిక వచ్చిన రోజే గూగుల్ మ్యాప్స్‌లో మన ప్రాంతాన్ని ఆఫ్‌లైన్‌కు దింపుకోండి. పవర్ బ్యాంకు నింపండి. బ్యాటరీతో నడిచే చిన్న రేడియో ఉంచుకోండి. 112, జిల్లా కంట్రోలు రూము 1077, రాష్ట్రానిది 1070, ఈ మూడు అంకెలు గోడ మీద రాయండి, ఫోనులో కాదు.

పేట పటం ప్రతులు మా ఆఫీసు గదిలో, సైన్సు మాస్టారి దగ్గర ఉన్నాయి. మీ పేటకు కూడా కావాలంటే ఒక ఆదివారం పిల్లలతో వస్తాం, దారులు తెలిసిన పెద్దవాళ్లు ఒకరిద్దరు మాతో నడిస్తే చాలు. ఇప్పటికే తీసుకున్నవారు అందులో కల్వర్టు పక్కన కొత్తగా వేస్తున్న రోడ్డును గుర్తించి ఇవ్వండి. అది మునుగుతుందో లేదో మొదటి గట్టి వానకు చూసి, ఎర్ర గీత మార్చాలో వద్దో తేలుస్తాం.